దోసిలి పట్టడం వస్తే చాలు

కార్తీకం దగ్గరపడుతోంది కాబట్టో ఏమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు సిక్కుల చుట్టూ, వాళ్ల గుడి గురుద్వారా చుట్టూనే తిరిగాయి. మిగతావి వచ్చే నెలకి అట్టేపెట్టి ఈ మూడే తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి. ఉద్యోగానికి రిటైర్మెంట్ వచ్చింది గానీ టీచర్ నోటికి రాలేదు.

ప్రశ్న: మేం విశాఖపట్నంలో గురుద్వారా జంక్షన్‌కి దగ్గర్లో ఉంటాం. ఆటోవాడికి రోజూ ఆ పేరే చెబుతాం గానీ లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. మా పాప నాలుగో తరగతి. ఈ ఏడాది వాళ్ల క్లాసులో ఒక సిక్కు అమ్మాయి చేరింది, వాళ్ల నాన్న నేవీలో పనిచేస్తారు. గురునానక్ జయంతికి గురుద్వారాకి రమ్మని మమ్మల్ని పిలిచారు. పాప ఎగిరి గంతేస్తోంది, నాకే టెన్షన్‌గా ఉంది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. మా అత్తగారు ఉపవాసం ఉంటారు, ఆ నెలంతా ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు. "వాళ్ల గుడికి మనమెందుకు, పైగా ఊరికే తినేసి రావడమేమిటి" అంటున్నారు. వెళ్లొచ్చా? పాపకి ముందుగా ఏం చెప్పి తీసుకెళ్లాలి?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: వెళ్లండి తల్లీ. పిలిచారు కాబట్టి సరే, పిలవకపోయినా వెళ్లొచ్చు. గురుద్వారా గుమ్మంలో మీది ఏ మతం, మీది ఏ కులం అని అడిగేవాళ్లుండరు.

ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. ఆవిడ మొహం ముడుచుకుని ఇంట్లో కూర్చుంటే, పాప అక్కడ ఏం చూసినా సగం మనసుతోనే చూస్తుంది. గురునానక్ జయంతి జరిపేది కార్తీక పౌర్ణమి నాడే అని ఆవిడకి చెప్పండి. మనం 365 వత్తులు వెలిగించే రాత్రే అక్కడా దీపాలు పెడతారు. పగలు వెళ్లి వచ్చేస్తే సాయంత్రం ఆవిడ పూజకి ఏ అడ్డమూ లేదు. భోజనంలో మాంసం, గుడ్డు ఉండవు గానీ పప్పులోనో కూరలోనో ఉల్లి, వెల్లుల్లి పడి ఉండొచ్చు. ఉపవాసం ఉన్న మనిషిని తినమని ఎవరూ బలవంతపెట్టరు. హాయిగా కీర్తన వింటూ కూర్చోమనండి. హార్మోనియం, తబలా, పాట. భజనలు విన్న చెవికి భాష తెలియకపోయినా అది పరాయిగా ఉండదు. ప్రసాదాన్ని కడా ప్రసాద్ అంటారు. గోధుమపిండి, నెయ్యి, చక్కెర మూడూ సమపాళ్లలో వేసి చేసే హల్వా. అందులో ఉల్లి ఊసే లేదు. దీపాలు పెట్టి ఉపవాసం విడిచాక తింటానంటే చిన్న డబ్బాలో తెచ్చుకుంటే సరి. (ఆ నెయ్యి చూస్తే ఆవిడ అంతసేపు ఆగుతారా అన్నది నా అనుమానం.)

ఇక "ఊరికే తినేసి రావడమేమిటి" అన్నారే, సరిగ్గా ఆ మాట దగ్గరే నేనూ ఒకసారి బోల్తాపడ్డాను.

అప్పట్లో నిజామాబాద్ జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్లలు 42 మందిని బాసర, నాందేడ్ టూర్‌కి తీసుకెళ్లాం. బస్సులో లేచి నిలబడి నేను చేసిన ప్రకటన ఇప్పటికీ గుర్తే: "మధ్యాహ్నం నాందేడ్ గురుద్వారాలో ఫ్రీ భోజనం. దారిలో ఎవరూ డబ్బులు తగలెయ్యకండి." పిల్లలు ఈలలు వేశారు. దాన్ని మించిన తెలివితక్కువ పని ఇంకోటి చేశాను. అక్కడ అందరూ తల కప్పుకోవాలన్న సంగతి చెప్పడమే మర్చిపోయాను. ఆడపిల్లలకి చున్నీలున్నాయి. మగపిల్లల్లో సగం మంది దగ్గర జేబురుమాలు కూడా లేదు. గుమ్మం పక్కన బుట్టలో రుమాళ్లు పెట్టి ఉంచారు కాబట్టి బతికిపోయాం. అక్కడి సేవాదారు ఒకాయన వంగి వంగి ఒక్కొక్కడి తలకీ ముడి వేశాడు. ఒకడు అంతకుముందు వారమే తిరుపతిలో గుండు చేయించుకొచ్చాడు. నున్నటి గుండు మీద రుమాలు జారిపోవడం, ఆయన మళ్లీ కట్టడం, వెనకాల వరుస మొత్తం నవ్వడం.

లంగర్‌లో, అంటే భోజనశాలలో, నేల మీద పొడవాటి పట్టాలు పరిచి ఉన్నాయి. అందరం వరుసల్లో కూర్చున్నాం. ఒక పిల్లాడు మాత్రం కూర్చోకుండా మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. వాళ్లమ్మ పెళ్లిళ్లలో అంట్లు తోమే పనికి వెళ్లేది. "ఏరా, వచ్చి కూర్చో" అంటే, "అందరూ తిన్నాక తింటా టీచర్" అన్నాడు. ఏడుపుగా కాదు, అలకగా కాదు. బడి గంట ఎన్నింటికి కొడతారో చెప్పినంత మామూలుగా అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రొట్టెల బుట్ట పట్టుకున్న ముసలాయనకి తెలుగు రాదు, అయినా సంగతి అందినట్టుంది. మోచేత్తో వాణ్ని మెల్లగా నడిపించుకొచ్చి మా హెడ్మాస్టరు గారికీ నాకూ మధ్యనున్న సందులో కూర్చోబెట్టాడు.

తర్వాత రొట్టె. వాడు ఒక చెయ్యి చాపాడు. ఆయన వెయ్యలేదు. నవ్వుతూ నిలబడ్డాడు. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, మొహం చిన్నబోయింది. అప్పుడాయన బుట్టని పక్కవాడికి అందించి, తన అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. వాడూ అలాగే పట్టాడు. పొగలు కక్కే రొట్టె దోసిట్లో పడింది. మా హెడ్మాస్టరు గారు కూడా అప్పటిదాకా ఒంటి చెయ్యే చాపి ఉన్నారు. గబుక్కున రెండోది కలిపారు.

తిరుగు ప్రయాణంలో "ఫ్రీ" అన్న మాట నేను ఎత్తలేదు.

అక్కడ రొట్టెని కూడా ప్రసాదం లెక్కనే చూస్తారు, అందుకే రెండు చేతులూ. ఒకే వరుసలో నేల మీద కూర్చోవడాన్ని పంగత్ అంటారు. మన పంక్తి అన్న మాటే అది. కాకపోతే మన ఊళ్లలో ఎవరిది ఏ పంక్తి అన్న లెక్క ఎన్నాళ్లు నడిచిందో మీ అత్తగారి వయసువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గురునానక్ మొదలుపెట్టిన ఈ వంటశాలని రెండో గురువు అంగద్ కాలంలో ఆయన భార్య మాతా ఖీవీ దగ్గరుండి నడిపింది. ఆవిడ లంగర్‌లో పెట్టిన నేతి పాయసం ప్రస్తావన వాళ్ల గ్రంథంలోనే ఉంది. మూడో గురువు అమర్‌దాస్, ముందు పంక్తిలో కూర్చుని తినాలి, ఆ తర్వాతే నా దర్శనం అని నియమం పెట్టారు. అక్బర్ పాదుషా ఆ గురువుండే ఊరు గోయింద్‌వాల్ వచ్చినప్పుడు ఆయన కూడా అందరితో పాటు నేల మీద కూర్చునే తిన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. పాపకి మీరు కథ చెప్పదలిస్తే ఇదొక్కటి చెప్పండి. పాదుషా బాసింపట్టు వేసుకుని పప్పు కోసం ఎదురుచూశాడంటే పిల్లలకి భలే సరదా.

అంతకుమించి ముందుగా ఏమీ నూరిపోయకండి. "వాళ్లు చాలా మంచివాళ్లమ్మా, అందరికీ అన్నం పెడతారు" అని దారిపొడుగునా చెబితే, పిల్ల లోపలికెళ్లి ఎగ్జిబిషన్ చూసినట్టు చూస్తుంది. చేతులతో చేయాల్సినవి చెబితే చాలు. చెప్పులు బయట విడవాలి, కాళ్లూ చేతులూ కడుక్కోవాలి, తల మీద చున్నీ జారకుండా చూసుకోవాలి. మీవారు టోపీ పెట్టుకుని వస్తానంటే కుదరదు, రుమాలే కట్టుకోవాలి. జేబులో సిగరెట్ పెట్టె, గుట్కా లాంటివి ఉంటే ఇంట్లోనే వదిలి రమ్మనండి. ఈ విషయంలో మొహమాటం లేదు. హాల్లో వాళ్ల పవిత్ర గ్రంథం, గ్రంథ్ సాహిబ్ ముందు వాళ్లు నేలకి నుదురు ఆనిస్తారు. మీకు ఎంత మనసైతే అంత, చేతులు జోడించినా చాలు. కూర్చున్నప్పుడు కాళ్లు గ్రంథం వైపు చాపకూడదు. ఫోటోలు అడిగే తీసుకోండి. కొబ్బరికాయ, అగరొత్తులు పట్టుకెళ్లే పని లేదు. వట్టి చేతులతో వెళ్లలేనంటే కిలో కందిపప్పో పంచదారో తీసుకెళ్లి వంటశాలలో ఇవ్వండి. వడ్డించింది పళ్లెంలో వదిలేస్తే మాత్రం వాళ్లకి నచ్చదు. పాపకి కొంచెం కొంచెంగా వేయమని మీరే చెప్పండి. మళ్లీ మళ్లీ వడ్డిస్తూనే ఉంటారు, తొందరేం లేదు.

అసలు సంగతి తిన్నాక ఉంది. చేతులు కడుక్కుని వెంటనే బండెక్కకండి. "మా పాప కూడా ఏమైనా చేస్తుంది" అని ఆ సిక్కు అమ్మాయి వాళ్లమ్మగారిని అడగండి. వేడి పప్పు బకెట్ ఇవ్వరులెండి. గ్లాసులు పంచడమో, చెంచాలు తుడవడమో, జోడాఘర్‌లో చెప్పులు వరసగా పెట్టడమో చెబుతారు. చెప్పుల దగ్గర నిలబడే పనిని వాళ్లలో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా కోరి చేస్తారు. "ఊళ్లోవాళ్ల చెప్పులు నా మనవరాలు ముట్టుకోవడమేమిటి" అని మీ అత్తగారు అంటే, ఈసారికి గ్లాసులు చాల్లెండి. ఆ రోజు నాందేడ్‌లో మా పిల్లలు పళ్లేలు కడిగే తొట్టి దగ్గర నీళ్లు చిందించుకుంటుంటే, ఇందాకటి పిల్లాడు వాళ్లని పక్కకి జరిపి, పళ్లెం అంచు ఎలా తోమాలో చూపించాడు. వాడి పక్కన గడియారం మోచేతి దాకా ఎగదోసుకుని కడుగుతున్న పెద్దమనిషి కూడా శ్రద్ధగా చూసి అలాగే తోమాడు.

ప్రశ్న: బాసరలో మా చిన్నవాడికి అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. అక్కడి నుంచి రైల్లో నాందేడ్ వెళ్లి గురుద్వారా చూసి రావాలని ఉంది. ఏడో తరగతి చదివే మా పెద్దమ్మాయి ఒకటే ప్రశ్నలు. సిక్కులు పంజాబ్ వాళ్లు కదా, అంత పెద్ద గురుద్వారా ఇక్కడెందుకు? పుస్తకానికి పూజ చేస్తారట కదా, ఎందుకు? నాకు తెలిసింది రెండు ముక్కల్లో అయిపోయింది.
- ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: మీ అమ్మాయికి ఇండియా మ్యాప్, పెన్సిల్ ఇవ్వండి. 1699లో పదో గురువు గోవింద్ సింగ్ ఆనంద్‌పూర్‌లో ఖాల్సాని, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమూహాన్ని, స్థాపించినప్పుడు, తల ఇవ్వడానికి సిద్ధమేనా అని అడిగితే ఒకరి తర్వాత ఒకరుగా ఐదుగురు లేచారు. వాళ్ల ఊళ్లు గుర్తించమనండి: లాహోర్, హస్తినాపురం, పూరీ జగన్నాథం, ద్వారక, బీదర్. అవును, మన జహీరాబాద్ దాటితే వచ్చే బీదరే. అక్కడి నుంచి వెళ్లినాయన భాయీ సాహిబ్ సింగ్, మంగలి వృత్తి చేసే ఇంటివాడు. చుక్కలన్నీ కలిపాక "సిక్కులు పంజాబ్ వాళ్లు కదా" అన్న ప్రశ్నని ఆ పిల్లే సరిదిద్దుకుంటుంది. బీదర్‌లో నానక్ ఝిరా అనే గురుద్వారా కూడా ఉంది. ఉప్పునీళ్ల ఊళ్లో గురునానక్ ఒక రాయి జరిపితే తియ్యటి ఊట పుట్టిందని చెబుతారు. వేసవిలో బిందెలతో తిరిగిన మన ప్రాంతపు పిల్లలకి ఆ కథ వివరించనక్కర్లేదు.

గోవింద్ సింగ్ తన చివరి రోజులు గోదావరి ఒడ్డున నాందేడ్‌లోనే గడిపి 1708లో అక్కడే కన్నుమూశారు. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే పెద్ద మత పీఠాల్లో, ఒకటి అక్కడ ఉన్నది అందుకే, దాన్ని హజూర్ సాహిబ్ అంటారు. ఇప్పుడున్న కట్టడం పంజాబ్ ఏలిన మహారాజా రంజిత్ సింగ్ కట్టించింది, 1837లో పూర్తయింది. నాందేడ్ అప్పుడు నిజాం ఏలుబడి. దివాన్ చందూలాల్ కాలంలో, 1832లో, రంజిత్ సింగ్ పంపిన సిక్కు సైనికులు హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అత్తాపూర్ వైపు సిక్ ఛావనీ పేరు మీరు వినే ఉంటారు. వాళ్ల మనవలు, మునిమనవలు మనలాగే దక్కనీ ఉర్దూ, తెలుగు మాట్లాడతారు.

పుస్తకం సంగతి. మా 42 మందిలో ఒకమ్మాయి హాల్లోనే నా చెవిలో అడిగింది, "పుస్తకానికి విసనకర్ర ఎందుకు టీచర్, దానికి ఉక్కపోస్తుందా?" అని. నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. అది విసనకర్ర కాదు, చామరం. రాజుకి, గురువుకి వీచేది. తన తర్వాత మనిషి గురువుగా ఉండడని, ఇకపై గ్రంథమే గురువని గోవింద్ సింగ్ నాందేడ్‌లోనే ప్రకటించారు. అంచేత వాళ్ల లెక్కలో అది విగ్రహంలాంటిది కాదు, మాట్లాడే గురువు. పొద్దున తెరిచినప్పుడు వచ్చిన పద్యమే ఆ రోజుకి గురువు ఆజ్ఞ. రాత్రి పట్టుబట్టల్లో చుట్టి, తల మీద పెట్టుకుని తీసుకెళ్లి, విడిగా ఒక గదిలో విశ్రాంతికి ఉంచుతారు. మన గుళ్లలో పవళింపు సేవ చూసిన పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. కుదిరితే ఆ వేళకి హాల్లో ఉండండి.

ఇంకొకటి, అందులో 1430 పుటలున్నాయి. రాసినవాళ్లందరూ సిక్కు గురువులే కారు. మగ్గం నేసిన కబీర్, చెప్పులు కుట్టిన రవిదాస్, సూఫీ ఫరీద్, పండరీపురం విఠలుడి భక్తుడు నామదేవుడు కూడా ఉన్నారు. అయిదో గురువు అర్జన్ 1604లో ఈ కూర్పు చేయించినప్పుడే వాళ్ల పాటలన్నీ ఒకే పుస్తకంలో పక్కపక్కన కూర్చున్నాయి. పొద్దున్నే బాసరలో పలక మీద మొదటి అక్షరం దిద్దిన మీ చిన్నవాణ్ని మధ్యాహ్నానికి ఆ పుస్తకం ముందు కూర్చోబెట్టబోతున్నారు. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకోవడం వాడికి ఇప్పటికే నేర్పి ఉంటారు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పండి. మీరు నాందేడ్‌లో రాత్రికి ఉండేట్టయితే యాత్రికుల గదుల కోసం ముందే కనుక్కోండి. పండగ రోజుల్లో దొరకవు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. వాట్సాప్‌లో వచ్చే సర్దార్జీ జోకులన్నీ బట్టీపట్టి చుట్టాల ముందు చెబుతాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వేదాన్ని. మొన్న లిఫ్టులో ఒక తలపాగా ఆయన ఎక్కితే వీడు ఆయన్ని చూసి కిసుక్కున నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టాను, కొట్టబోయాను కూడా. ఎలా మాన్పించాలి?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: చుట్టాలందరూ చప్పట్లు కొట్టిన పనికి వాడొక్కణ్నే కొడితే ఎలాగమ్మా? వాడికి జోకులో తప్పు తెలియలేదు, ఎందుకంటే వాడికి సర్దార్జీ ఒక్కడూ తెలియదు. ఢిల్లీలో చదువుకున్న మీ తమ్ముడో మరిదో ఉంటే, అక్కడ తెలుగువాణ్ని, తమిళుణ్ని, మలయాళీని కలిపి "మద్రాసీ" అని, ఇడ్లీ సాంబార్ అని ఆటపట్టించిన కథలు వాడికి చెప్పమనండి. ముందు కోపం తెచ్చుకోనివ్వండి, ఆ తర్వాత లిఫ్టు సంగతి ఎత్తండి. తలపాగా, ఆ లోపల పెంచుకున్న జుట్టు వాళ్ల దీక్ష. వేళాకోళానికి కూడా దాన్ని ముట్టుకోకూడదని గట్టిగానే చెప్పండి. అక్కడ మెత్తదనం వద్దు.

మా మనవడితోనూ నాకు ఇదే గొడవ వచ్చింది. వాణ్ని ఎండాకాలంలో గురుద్వారా వాళ్ల ఛబీల్‌కి పంపాను. ఛబీల్ అంటే మన చలివేంద్రమే, నీళ్లకి బదులు గులాబీ రంగు తియ్యటి చల్లటి పాలనీళ్లు పోస్తారు. అయిదో గురువు అర్జన్‌ని 1606లో లాహోర్‌లో, మండే ఎండల్లో చిత్రహింస పెట్టి చంపారు. ఆ రోజు గుర్తుగా, దారిన పోయే ప్రతివాడికీ దాహం తీరుస్తారు, కోపం చూపించరు. అక్కడ ఒక తలపాగా కుర్రాడు జగ్గుతో పోస్తుంటే మావాడు గ్లాసులు అందించాడు, రెండు గంటలు. బస్సు డ్రైవర్లకి కిటికీలోంచి అందించడం వాడికి తెగ నచ్చింది. చేతులు, చొక్కా గులాబీ రంగు చేసుకుని ఇంటికొచ్చి, ఒకావిడ మూడు గ్లాసులు తాగిందని ఫిర్యాదు చేశాడు. ఆ జగ్గు కుర్రాడి పేరు, వాడి స్కూలు, వాడి సైకిల్ రంగు అన్నీ కనుక్కొచ్చాడు.

జోకులు మానేశాడా అంటే, మానలేదు. ఇప్పుడు రిటైరైన టీచర్ల మీద వేస్తున్నాడు.